నారాయణగూడ, బర్కత్‌పురా వైపు గేటున్న అపార్ట్‌మెంట్‌లో అద్దెకు దిగేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మేము తొమ్మిదేళ్ళుగా హైదరాబాద్‌లో ఈ చుట్టుపక్కలే అద్దెకు ఉంటున్నాం. మొదట నారాయణగూడ, తర్వాత హిమాయత్‌నగర్, ఇప్పుడు బర్కత్‌పురా. ఇల్లు వెతుక్కునే చుట్టాలు, ఆఫీసువాళ్ళు, వాళ్ళ పిల్లలు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పడం మర్చిపోతున్నాను, అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను.

ఇక్కడ "గేటెడ్" అంటే కొండాపూర్, నల్లగండ్ల వైపు ఉండేలాంటివేనా?

కాదు. అక్కడ ఎకరాల స్థలంలో పదిహేను, ఇరవై అంతస్తులు కడతారు. ఇక్కడ పాత పెంకుటిళ్ళు, బంగళాలు ఉన్న స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. చాలావాటికి అయిదంతస్తులు, కింద స్టిల్ట్ పార్కింగో సెల్లారో, చుట్టూ ప్రహరీ, గేటు పక్కనే వాచ్‌మన్ గది ఉంటాయి. రెండు మూడు బ్లాకులు ఒకే ప్రహరీలో ఉంటే ఈ ఏరియాలో అదే పెద్ద గేటెడ్ కమ్యూనిటీ. ఈతకొలను, జిమ్ ఆశించి రావద్దు.

కానీ వాటి అవసరం మాకు ఎప్పుడూ రాలేదు. నడకకి బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య పార్కు ఉంది. చదువుకునే పిల్లలకి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. సాయంత్రం పాట కచేరీకో నాటకానికో త్యాగరాయ గానసభ ఉంది. నల్లకుంట మార్కెట్‌లో కూరగాయలు, శంకర మఠంలో పూజలు సరేసరి. ఇక్కడ గేటు బయట ఉన్నదాని కోసమే ఇల్లు తీసుకోవాలి. అందుకే నన్నడిగితే ఫ్లాట్ ఎంత బాగుందో చూసేముందు, గేటు దాటాక వీధి ఎలా ఉందో చూడమంటాను.

బ్రోకర్లందరూ "అన్నీ దగ్గరేనండీ" అంటారు. నిజంగా నడవగలిగిన దూరమో కాదో ఎలా తేల్చుకోవాలి?

నడిచి చూడటమే. మ్యాప్‌లో దూరం చూసి నమ్మకండి. మ్యాప్ 400 మీటర్లే చూపిస్తుంది, మధ్యలో ఆగకుండా బండ్లు పోయే రోడ్డు ఒకటి ఉంటుంది. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర సాయంత్రం ఆరున్నరకి రోడ్డు దాటి చూడండి, దూరం అంటే ఏమిటో అర్థమవుతుంది. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన నాలుగు బైకులు, ఆ పక్కన పైకి లేచిన మ్యాన్‌హోల్ మూత ఉంటే పెద్దవాళ్ళు రోడ్డు మీదకి దిగి నడవాల్సిందే. అలాంటి చోట్లు దారిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

నేను పాటించే పద్ధతి చెప్తాను. ఇల్లు నచ్చితే రెండుసార్లు వెళ్తాను. పొద్దున ఏడింటికి వెళ్ళి గేటు నుంచి పాల బూత్, టిఫిన్ సెంటర్, కూరగాయల దాకా నడుస్తాను. అక్కడే నాలుగైదు కిలోల కూరగాయలు కొని సంచీ పట్టుకుని వెనక్కి నడుస్తాను. వెళ్ళేటప్పుడు దగ్గరగా అనిపించిన దారి, చేతిలో బరువుంటే ఎంత దూరమో అప్పుడు తెలుస్తుంది. రెండోసారి రాత్రి తొమ్మిదిన్నరకి మెట్రో స్టేషన్ నుంచి ఇంటికి నడుస్తాను. వీధిలైట్లు వెలుగుతున్నాయా, ఆ వేళకి ఒక మెడికల్ షాపో, ఇస్త్రీ బండో, కిరాణా కొట్టో తెరిచి ఉందా అని చూస్తాను. మా చెల్లెలు ఆఫీసు నుంచి వచ్చేది ఆ వేళకే. గేటు దగ్గర సెక్యూరిటీ ఎంత గట్టిగా ఉన్నా, స్టేషన్ నుంచి గేటు దాకా ఉన్న సందు చీకటిగా ఉంటే ఆ ఇల్లు మాకు పనికిరాదు.

హైటెక్ సిటీలో ఉద్యోగం. ఇక్కడ ఉంటే రోజూ వెళ్ళి రావడం కుదురుతుందా?

మెట్రో పక్కన ఇల్లు దొరికితే కుదురుతుంది. జేబీఎస్ (జూబ్లీ బస్‌స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్‌స్టేషన్) వెళ్ళే లైను 2020 ఫిబ్రవరిలో మొదలైంది. దాని మీద ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ స్టేషన్లు ఉన్నాయి. నారాయణగూడలో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్ దగ్గర రాయదుర్గం వెళ్ళే లైనుకి మారితే సరిపోతుంది. ప్రయాణం పొడుగే, కానీ కూర్చుని పుస్తకం చదువుకోవచ్చు. కాచిగూడ, విద్యానగర్ దగ్గర ఎంఎంటీఎస్ రైలు కూడా ఉంది. రోజూ కారులోనే వెళ్తానంటే మాత్రం ఈ ఏరియా వద్దు, ఆఫీసుకి దగ్గరలో చూసుకోండి.

గేటు గురించి ముఖ్యంగా అడగాల్సింది ఏమిటి?

ఎన్ని గేట్లు ఉన్నాయి, ఏవి ఎప్పుడు తెరుస్తారు అన్నది. మాకు అనుభవమైంది కాబట్టి వివరంగా చెప్తాను.

మా రెండో ఇంటికి వెనకవైపు చిన్న ఇనుప గేటు ఉండేది. అది దాటితే సందు, సందు చివర కూరగాయల బళ్ళు. అమ్మ నాలుగు నిమిషాల్లో వెళ్ళొచ్చేది. ఆ గేటు చూసే ఆ ఇల్లు తీసుకున్నాం. చేరిన మూడో నెలలో దానికి గొలుసు వేసి తాళం పెట్టారు. ఎవరో బయటివాళ్ళు లోపలికి వచ్చి బైకు పెట్టుకుంటున్నారని అసోసియేషన్‌లో ఫిర్యాదు వచ్చిందట. దాంతో అమ్మ ముందు గేటు నుంచి మెయిన్ రోడ్డు మీదుగా తిరిగి రావాల్సి వచ్చింది. ఒకరోజు నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే అమ్మ పంపు గది పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉంది. పక్కన సంచీ, అందులోంచి బయటికొచ్చిన ములక్కాడలు. మోకాలు పట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. "తాళం తియ్యమంటే వాచ్‌మన్‌కి మాటొస్తుందిరా, అందుకే చుట్టూ తిరిగొచ్చా" అంది. వారం తిరక్కుండానే అమ్మ కూరగాయలకి వెళ్ళడం మానేసింది. నన్ను ఫోన్‌లో తెప్పించమంది. ఆ నాలుగు నిమిషాల దారి పోవడంతో బళ్ళ దగ్గర ఆమెకి ఉన్న పలకరింపులన్నీ పోయాయి.

అసోసియేషన్‌లో అద్దెకున్నవాళ్ళకి సాధారణంగా ఓటు ఉండదు, ఓనర్లదే మాట. మా ఓనరు గారిని బతిమాలి ఒక ఉత్తరం రాయించాను. నాలుగు ఫ్లాట్లలో పెద్దవాళ్ళున్నవాళ్ళ సంతకాలు తీసుకున్నాను. ఆఖరికి పొద్దున ఆరు నుంచి పది దాకా, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా తెరిచేలా ఒప్పుకున్నారు. దానికి అయిదు నెలలు పట్టింది.

కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ప్రహరీ చుట్టూ ఒకసారి తిరగండి. చిన్న గేటు కనిపిస్తే తాళం తుప్పు పట్టిందేమో చూడండి. తుప్పు పట్టిందంటే అది గోడ కిందే లెక్క. ఎప్పుడు తెరుస్తారని వాచ్‌మన్‌ని కాకుండా అక్కడ ఉండే ఆడవాళ్ళనో పెద్దవాళ్ళనో అడగండి.

ఏ నెలల్లో వెతికితే మంచిది?

ఏప్రిల్, మే నెలల్లో గిరాకీ ఎక్కువ, జూన్‌లో స్కూళ్ళు తెరుస్తారు కదా. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని ఇల్లు మారేవాళ్ళు తగ్గుతారు. అప్పుడు టూ-లెట్ బోర్డులు వారాల తరబడి అలాగే వేలాడుతుంటాయి, ఓనర్లు కూడా మాటకి మెత్తబడతారు. పట్టింపు ఉన్నవాళ్ళు ఆషాఢంలో మాట్లాడుకుని అడ్వాన్స్ ఇచ్చి, శ్రావణంలో పాలు పొంగించి సామాను దించుకుంటారు. మేము చేసిందీ అదే. ఆ మధ్య రోజుల అద్దె మాఫీ చేయమని అడగొచ్చు, మా ఓనరు గారు పది రోజులది వదిలేశారు.

ఇంకో మాట, ఈ ఏరియాలో మంచి ఇళ్ళు చాలావరకు ఆన్‌లైన్‌కి రావు. గేటుకి కట్టిన బోర్డు, ఇస్త్రీ బండివాళ్ళు, కిరాణా కొట్టాయన చెప్పే కబురు వీటితోనే వెళ్ళిపోతాయి. ఆదివారం పొద్దున సందులన్నీ నడవండి.

అడ్వాన్స్ ఎంత? తిరిగి వస్తుందా?

హైదరాబాద్‌లో ఎక్కువగా రెండు నెలల అద్దె అడుగుతారు, కొందరు మూడు అంటారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాసాలకి రెండు నెలలు మించకూడదని ఉంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే వర్తిస్తుంది. బేరమాడేటప్పుడు ఆ మాట చెప్పడానికి పనికొస్తుంది.

గొడవలన్నీ ఖాళీ చేసేటప్పుడే. పెయింటింగ్‌కని ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడ మామూలైపోయింది. రెండేళ్ళున్నా ఆరు నెలలున్నా అదే కోత. చేరేటప్పుడే "పెయింటింగ్‌కి ఎంత, ఎన్నాళ్ళుంటే ఎంత" అని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. చేరిన రోజే గోడలు, గచ్చు, బాత్రూమ్ కుళాయిలు, కిచెన్ గట్టు, గీజర్, ఫ్యాన్లు అన్నీ వీడియో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. "చేరేనాటికి ఇలా ఉంది సార్" అని ఒక్క ముక్క రాస్తే చాలు.

ఓనరు అమెరికాలో ఉన్నారు, వాళ్ళ బావమరిది చూసుకుంటారట. పర్వాలేదా?

ఈ ఏరియాలో ఇది చాలా మామూలు. మూడు విషయాలు సరిచూసుకోండి. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేవారికి ఓనరు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఉందా? అద్దె ఎవరి ఖాతాలోకి వెళ్ళాలో ఓనరే మెయిల్‌లోనో మెసేజ్‌లోనో చెప్పారా? మూడోది పన్ను, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఓనరు ఇక్కడే ఉండే వ్యక్తి అయితే అద్దె నెలకి 50,000 దాటినప్పుడే మీరు టీడీఎస్ (అద్దెలోంచి పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి, 2024 అక్టోబర్ నుంచి అది 2 శాతం. ఓనరు ఎన్నారై అయితే ఈ 50,000 పరిమితి ఉండదు, తక్కువ అద్దెకీ టీడీఎస్ వర్తిస్తుంది, రేటు కూడా చాలా ఎక్కువ. కోయకపోతే బాధ్యత మీ మీదకే వస్తుంది. సంతకం పెట్టేముందే ఒక సీఏని కలవండి.

జీతంలో ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) మీద పన్ను మినహాయింపు చూపించుకునేవాళ్ళకి, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కావాలి. అదీ ముందే అడగండి. చేరాక అడిగితే కొందరు ముఖం చాటేస్తారు.

మెయింటెనెన్స్‌లో ఏమేం వస్తాయి?

అపార్ట్‌మెంట్‌కో లెక్క. వాచ్‌మన్ జీతం, లిఫ్టు, మెట్ల దగ్గర లైట్ల కరెంటు, శుభ్రం చేయడం మామూలుగా ఉంటాయి. జనరేటర్ డీజిల్, వేసవి ట్యాంకర్లు విడిగా వేస్తారా అని అడగండి. లిఫ్టు మార్చడం, బిల్డింగ్‌కి రంగులు, కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చుల కోసం అసోసియేషన్ దాచే నిధి) లాంటివి ఓనరు కట్టాలి. ఆ మాట అగ్రిమెంట్‌లో ఉండాలి.

నీళ్ళ సంగతి ఎలా తెలుసుకోవాలి?

ఇంట్లో కుళాయి తిప్పి చూస్తే ఏమీ తెలియదు. పైన ట్యాంకు నిండుగా ఉంటే ఎవరింట్లోనైనా ధారగానే వస్తాయి.

ఇక్కడ జలమండలి నీళ్ళని అందరూ ఇప్పటికీ "మంజీరా నీళ్ళు" అంటారు, కృష్ణా నుంచి వచ్చినా, గోదావరి నుంచి వచ్చినా. అవి మీ వీధికి ఏ రోజుల్లో, ఎన్ని గంటలు వస్తాయో అడగండి. సంపు ఎంతమందికి సరిపోతుందో చూడండి. బాత్రూముల్లోకి బోరు నీళ్ళు, వంటింట్లో ఒక్క కుళాయికి మంజీరా కనెక్షన్ విడిగా ఇచ్చే అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. కొన్నింట్లో రెండూ సంపులోనే కలిపేస్తారు. గీజర్ దగ్గర, షవర్ రంధ్రాల చుట్టూ తెల్లగా గట్టిపడిన ఉప్పు పొర ఉంటే బోరు నీళ్ళే ఎక్కువ వాడుతున్నారని అర్థం. నేను గోరుతో గీకి చూస్తాను.

వాచ్‌మన్‌ని "మే నెలలో ట్యాంకర్లు ఎన్ని వచ్చాయన్నా" అని అడగండి. "నీళ్ళు బాగున్నాయా" అంటే బాగున్నాయనే చెప్తారు. ట్యాంకర్ల లెక్క అడిగితే మాత్రం నిజం చెప్తారు, ఎందుకంటే తెల్లవారుజామున లేచి పైపు పట్టుకునేది వాళ్ళే.

నెలకి 20,000 లీటర్ల ఉచిత నీళ్ళ పథకం 2021 నుంచి ఉంది, అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్‌కి ఇంత అని లెక్క కడతారు. దానికి ఓనరు తన వివరాలు అనుసంధానం చేసి ఉండాలి. చేశారో లేదో కనుక్కోండి, లేకపోతే ఆ బిల్లు మెయింటెనెన్స్ రూపంలో మీ దగ్గరికే వస్తుంది.

కరెంటు?

చేరిన రోజు మీటర్ రీడింగ్ ఫోటో తీయండి, పాత బకాయిలు లేవని యూనిక్ సర్వీస్ నంబరుతో చూసుకోండి. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళకి 2024 మార్చి నుంచి వస్తున్న 200 యూనిట్ల ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి అద్దెకున్నవాళ్ళకీ వర్తిస్తుంది. మీ మీటర్ నంబరుతో దరఖాస్తు చేసుకోవాలి.

వానాకాలంలో సెల్లార్‌లోకి నీళ్ళొస్తాయా?

కొన్నిచోట్ల వస్తాయి. హుస్సేన్‌సాగర్ నుంచి మూసీకి పోయే నాలా అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట, గోల్నాక మీదుగా వెళ్తుంది. సాగర్ నిండితే ఆ నాలా పొంగుతుంది. 2000 ఆగస్టులో, మళ్ళీ 2020 అక్టోబర్‌లో ఈ వైపు ఏమైందో పాతవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఇల్లు నాలాకి ఎంత దూరమో, వీధికన్నా సెల్లార్ ఎంత లోతుగా ఉందో చూడండి. సెల్లార్ గోడల మీద ఒకే ఎత్తులో గోధుమరంగు గీత కనిపిస్తే నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని. రంగు వేసి కప్పేసినా లిఫ్టు గుంత దగ్గర, మెట్ల కింద ఆ గీత మిగిలిపోతుంది. కరెంటు మీటర్ల బోర్డు ఆ గీతకన్నా కిందుంటే ఆ ఇల్లు వదిలేయండి.

పదకొండు నెలల అగ్రిమెంటే ఎందుకు?

1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుని తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే పదకొండు నెలలు రాస్తారు. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణ ప్రకారం ఇక్కడ ఏడాది లోపు లీజుకీ రిజిస్ట్రేషన్ కావాలి. ఏడాదికి అద్దె ఎంత శాతం పెంచుతారు, ఖాళీ చేయాలంటే ఇద్దరూ ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్న రెండూ స్పష్టంగా ఉండాలి. ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకి పదిహేను రోజుల నోటీసు చాలని ఆస్తి బదిలీ చట్టం చెప్తుంది. పిల్లలు స్కూల్లో ఉన్నవాళ్ళకి పదిహేను రోజులు ఏ మూలకి? రెండు నెలలు రాయించండి.

మేము బ్యాచిలర్స్‌. ఇల్లు ఇస్తారా? నాన్‌వెజ్, కుక్కపిల్ల గురించి ఏమంటారు?

బ్యాచిలర్స్‌కి కష్టమే. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. మెట్రో, లైబ్రరీ, మెస్సులు అన్నీ ఉన్న ఈ ఏరియా ఉద్యోగం వెతుక్కునే పిల్లలకే ఎక్కువ అవసరం. పోటీ పరీక్షలకి చదివేవాళ్ళతో అశోక్‌నగర్ నిండి ఉంటుంది, గేటున్న అపార్ట్‌మెంట్ల దగ్గరికొచ్చేసరికి "ఫ్యామిలీస్‌కే" అని బోర్డు. ఆఫీసు ఐడీ, అమ్మానాన్నల ఫోన్ నంబరు, పాత ఓనరు మాట ఈ మూడూ చూపించి నేరుగా ఓనరుతోనే మాట్లాడండి. వాచ్‌మన్ కాదన్న చోట ఓనరు ఒప్పుకున్న సందర్భాలు నాకు తెలుసు.

తిండి విషయం ముందే చెప్పేయండి, దాచుకుని బతకడం రోజూ టెన్షన్. కుక్కలు పెంచుకోవద్దని అసోసియేషన్లు నిషేధం పెట్టకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. లిఫ్టు వాడనివ్వకపోవడం కూడా తప్పే. ఓనరుతో మాత్రం మీరే మాట్లాడుకోవాలి.

కారు లేదు. పార్కింగ్ లేని ఫ్లాట్ తీసుకోవచ్చా?

తప్పకుండా. పార్కింగ్ వద్దంటే అద్దె కొంత తగ్గించమని అడగండి. మేము కారు అమ్మేశాం, ఆ చోటు పక్క ఫ్లాట్‌వాళ్ళు వాడుకుంటున్నారు. స్కూటర్‌కి చోటు మాత్రం కచ్చితంగా అడిగి తీసుకోండి.

ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి టోకెన్ పంపొచ్చా?

వద్దు. "ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీకే డబ్బు వస్తుంది" అన్నారంటే అది మోసం. డబ్బు రావడానికి స్కాన్ చేసి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

సామాను దించే రోజు ఏం చూసుకోవాలి?

అసోసియేషన్ అనుమతి, షిఫ్టింగ్ చార్జీ ముందే కనుక్కోండి. కొన్నిచోట్ల ఆదివారం ఒప్పుకోరు, కొన్నిచోట్ల లిఫ్టులో బీరువా ఎక్కించనివ్వరు. ఇక్కడి సందుల్లోకి పెద్ద లారీ రాదు, చిన్న ట్రాలీ రెండు ట్రిప్పులు మాట్లాడుకోండి. పోలీసుల అద్దెదారుల వెరిఫికేషన్‌కి ఆధార్ కాపీ అడుగుతారు, ఇవ్వండి.

ఖాళీ చేసేటప్పుడు?

అగ్రిమెంట్‌లో రాసుకున్నన్ని రోజుల ముందు వాట్సాప్‌లో రాసి చెప్పండి, నోటిమాట చాలదు. చివరి రోజు ఇల్లు కడిగి, ఓనరునో వాళ్ళ తరఫు మనిషినో పిలిచి, చేరినప్పటి వీడియో పక్కన పెట్టుకుని గది గదీ చూపించండి. కరెంటు మీటర్ రీడింగ్ ఇద్దరూ ఫోటో తీసుకోండి. మెయింటెనెన్స్ బాకీ లేదని అసోసియేషన్‌వాళ్ళతో ఒక కాగితం రాయించుకోండి. అడ్వాన్స్ ఖాతాలో పడ్డాకే తాళాలు ఇవ్వండి. వెనక గేటు తాళంచెవి కూడా మీకు ఇచ్చి ఉంటే, దాన్ని వాచ్‌మన్‌కి ఇవ్వకుండా తర్వాత దిగేవాళ్ళ చేతికే ఇచ్చి, ఆ దారి ఒకసారి నడిపించి చూపించండి. మేము అలాగే చేశాం, ఇప్పుడు ఆ ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ రోజూ పొద్దున కూరగాయలకి అటే వెళ్తున్నారు.